ఏడో తుమ్ము

"అమ్మో! కళ్ళకలక! అందరూ దూరం జరగండి!"

ఈ మాట అన్నది నేనే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ చెప్పకపోతే ఈ కథే లేదు. ఆ అమ్మాయి బల్లకి అవతల, నాకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. కళ్ళు రెండూ ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. నాలుగు నెలలుగా ఆ అమ్మాయితో ఒక్క మాట మాట్లాడాలని నేను ఎన్ని రకాలుగా ప్రాక్టీసు చేశానో దేవుడికే తెలుసు. తీరా అవకాశం వచ్చాక నా నోట్లోంచి ఊడిపడిన ఘనమైన మాట ఇదీ.

ముందు నా సంగతి చెప్పాలి. నేను పనిచేసేది కళ్ళద్దాల షాపులో. అద్దాలు ఫ్రేముకి తగ్గట్టు అరగదీయడం, బిగించడం, విరిగిన కాడలు మార్చడం నా పని. కళ్ళు పరీక్ష చేసేది మా ఓనరు, నేను గురువుగారూ అని పిలిచే పెద్దాయన. ఆయన కస్టమర్లని చార్టుకి ఎదురుగా కూర్చోబెట్టి "ఇది చదవండి, ఇప్పుడు ఇది" అంటుంటే వినీ వినీ నాకూ కాస్త అబ్బిందనుకున్నాను. ఎవరి కంట్లో నలక పడినా, ఎవరి రెప్ప మీద కురుపు లేచినా నా దగ్గరికి వచ్చేవారు. నేను తల పంకించి ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ణి. అలా మా వీధిలో నాకు అర డాక్టరని పేరు పడింది. అది వెక్కిరింపని తెలిసినా లోపల్లోపల భలే ఉండేది. కళ్ళద్దాలు అమ్ముకుంటూ కళ్ళు నెత్తికెక్కించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా షాపుకీ పక్కనున్న పరుపుల షాపుకీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. ఆ షాపు ఆ అమ్మాయి మేనత్తది. పాత దిండ్లూ పరుపులూ తీసుకుని, కుట్లు విప్పి, లోపలి దూది దులిపి, ఏకి, మళ్ళీ కుట్టి ఇస్తారు. నాలుగు నెలల క్రితం మేనకోడలు అత్తకి సాయంగా వచ్చింది. వచ్చిన రెండో రోజే, పొద్దున్న తొమ్మిదింటికి, గోడవతల నుంచి తుమ్ము వినపడింది.

ఒకటి కాదు, ఏడు. మొదటి ఆరూ గుక్క తిప్పుకోకుండా వచ్చాయి. తర్వాత కాసేపు నిశ్శబ్దం. హమ్మయ్య అయిపోయిందిలే అనుకుంటుండగా ఏడోది తీరిగ్గా, అన్నిటికన్నా గట్టిగా వచ్చింది. మర్నాడూ అంతే. రోజూ అంతే.

మా ఇంట్లో ఎవరు తుమ్మినా మా నాయనమ్మ "చిరంజీవ" అనేది. ఆ అలవాటు నాకూ వచ్చింది. అద్దం అరగదీస్తూనే గోడవైపు తిరిగి, తుమ్ముకొక చిరంజీవ మెల్లగా అనడం మొదలుపెట్టాను. ఆరు అనేసి పనిలో పడిపోయేవాణ్ణి. ఏడోది వచ్చాక ఉలిక్కిపడి, ఆలస్యంగా ఇంకొకటి అనేవాణ్ణి. అలా ముక్కూ మొహం తెలియకముందే ఆ ముక్కుతో నాకు స్నేహం కుదిరింది. తర్వాత మొహం కూడా చూశాను. ఇక చెప్పేదేముంది, పీకల్దాకా మునిగాను.

అలాంటి అమ్మాయి ఆ సోమవారం తనంతట తనే మా షాపులోకి వచ్చింది. గురువుగారు బయటికి వెళ్ళారు. బల్ల ముందు ముగ్గురు కస్టమర్లున్నారు. వాళ్ళలో ఒకావిడ ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. కొత్త కళ్ళద్దాలకి ఫ్రేము ఎంచుకుంటోంది.

"మీరు కళ్ళు చూస్తారట కదా," అంది ఆ అమ్మాయి. "రెండు రోజులుగా ఒకటే దురదండీ. ముక్కు కూడా..."

"ముక్కు సంగతి వదిలేయండి. కళ్ళు కదా మన సబ్జెక్టు!" అన్నాను స్టైలుగా.

టార్చి తీసుకుని ముందుకి వంగాను. ఆ మొహాన్ని అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. రెప్పల వెంట్రుకల చివర నీటిబొట్లు నిలిచి ఉన్నాయి. కనుబొమ్మ మీద ఒక దూదిపోగు అతుక్కుని ఉంది.  ఏదో ఒకటి చెప్పాలి. డాక్టరులా చెప్పాలి. ముగ్గురు వింటున్నారు కూడా. అప్పుడే ఆ మాట అరిచాను. వేలు కూడా చూపించాను.

కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకాయన మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వార్డెనమ్మ గబుక్కున మొహం తిప్పేసుకుంది.

"చూస్తేనే అంటుకుంటుందంటారు! ఎక్కడ పనిచేస్తావమ్మా నువ్వు?"

"పక్కనేనండీ. పరుపుల షాపులో."

"ఆ షాపా! మా హాస్టల్ దిండ్లన్నీ అక్కడే ఇద్దామనుకున్నాను. పిల్లలు తల పెట్టుకునే దిండ్లు తల్లీ, వద్దులే."

"నాది దురదేనండీ..." అంది ఆ అమ్మాయి. ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. అరచేతులతో కళ్ళు కప్పుకుని, దారి కనపడక గుమ్మం తలుపుకి గుద్దుకుని వెళ్ళిపోయింది. వార్డెనమ్మ బయటికి వెళ్ళి, పరుపుల షాపు ముందునుంచి తల తిప్పకుండా నడిచిపోయింది.

సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకింది. మా షాపులో నల్లద్దాల పెట్టె ఖాళీ అయింది. ఆఖరి జత కొన్నది ఆ అమ్మాయి మేనత్త.

"నా మేనకోడలికి బాబూ," అంది ఆవిడ. "హాస్టల్ దిండ్ల పని పూర్తిగా దానికే అప్పజెప్పాను. నువ్వే మాట్లాడు, నువ్వే చెయ్యి, ఇది నిలబెట్టావంటే కౌంటరు నీదే అన్నాను. రాత్రిళ్ళు కూర్చుని గుడ్డ ముక్కలు కూడా ఎంచుకుంది. పాడు కలక ఇప్పుడే రావాలా? కస్టమర్లు జడుస్తున్నారని మేడ మీద గదిలో కూర్చోబెట్టాను."

నేను ఆ నల్లద్దాలు తుడిచి, కవర్లో పెట్టి ఇచ్చాను. జాగ్రత్తగా చూసుకోండని సలహా కూడా చెప్పాను.

మర్నాడు తొమ్మిదింటికి గోడవతల తుమ్ము లేదు. ఆ మర్నాడూ లేదు.

బుధవారం కళ్ళ డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ రాసిచ్చే చీటీలన్నీ మా షాపుకే వస్తాయి. తన కళ్ళద్దాల కాడ వదులైందని నా చేతికిచ్చి కూర్చుంది.

"నిన్న మీ పక్కషాపు అమ్మాయి వచ్చిందయ్యా నా దగ్గరికి. ఎవడో మహానుభావుడు పదిమందిలో కళ్ళకలక అన్నాడట. పాపం, నల్లద్దాలు పెట్టుకుని, ఎవరికీ అంటించకూడదని గోడకేసి తిరిగి కూర్చుంది. లోపలికి పిలిచినా దూరంగానే నిలబడింది."

నా చేతిలో స్క్రూడ్రైవరు జారింది. "కళ్ళకలక కాదా డాక్టరమ్మా?"

"కాదు. అలర్జీ. నేను అడిగిన మొదటి ప్రశ్నేంటో తెలుసా? తుమ్ములొస్తాయా అని. రోజూ పొద్దున్నే ఏడు అంది."

"ఏడు," అన్నాను నేనూ. 

"ముక్కుకి పడనిది చాలామందికి కంటికీ పడదయ్యా. ముక్కు లోపలి పొరా, కంటి మీది పొరా అక్కచెల్లెళ్ళ లాంటివి. రెంటికీ మధ్య సన్నటి దారి కూడా ఉంది. కంట్లో మందు చుక్క వేస్తే గొంతులో చేదు తగలదూ? పాత దిండు విప్పితే దుమ్ము లేస్తుంది. ముక్కు తుమ్ముతుంది, కళ్ళు దురదపెట్టి ఎర్రబడతాయి. ఇద్దరు అక్కచెల్లెళ్ళు కలిసి ఏడుస్తుంటే, ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేస్తే ఎలా తెలుస్తుంది?"

"మరి... అంటుకుంటుందా?"

"అలర్జీ అంటుకోవడమేంటయ్యా, నీ మొహం! అంటుకునే రకం వేరు. అది చాలాసార్లు ముందు ఒక కంట్లో మొదలవుతుంది, పుసి కడుతుంది, పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. అదైనా చూస్తే రాదు, చేతుల మీదుగా, తువ్వాళ్ళ మీదుగా వస్తుంది. ఈ పిల్లకి రెండు కళ్ళూ ఒకేసారి, ఉత్త నీళ్ళు, ఒకటే దురద. దురదని ఆ మహానుభావుడికి మొదటే చెప్పిందట. ముక్కు గురించి కూడా ఎత్తిందట. వదిలేయండి అన్నాడట!"

నేను నీళ్ళు నమిలాను. "డాక్టరమ్మా, ఆ మహానుభావుడు..."

"తెలుసులే. కాడ సరిగ్గా బిగించు."

నాలుగు నెలలు ఆ తుమ్ములు లెక్కపెట్టినవాణ్ణి నేను. ఆ రోజు షాపులో ఇంకెవరికీ తెలియని రుజువు నా చెవుల్లోనే ఉంది. ప్రేమించాను ప్రేమించాను అని గోడకి చెప్పుకున్నాను గానీ, ఎదురుగా వచ్చి నోరు విప్పితే రెండు మాటలు వినలేకపోయాను. తల కొట్టేసినట్టయింది. 

మధ్యాహ్నం పరుపుల షాపుకి వెళ్ళాను. మేనత్త కుట్టు మిషన్ మీద ఉంది.  చూపుడువేలితో మెట్లు చూపించింది. ఏమన్నా అనుంటే బాగుండేది.

ఆ అమ్మాయి పైమెట్టు మీద కూర్చుని ఉంది. నల్లద్దాలు పెట్టుకుంది. మా షాపువే.

"డాక్టరమ్మ చెప్పారు," అన్నాను రెండు మెట్లు కింద నిలబడి. "నాదే తప్పండీ. క్షమించండి."

"ఎందుకంత మెల్లగా మాట్లాడతారు?"

"అంటే... బాగా మెల్లగా అన్నానా?"

"ఆ రోజు ఎంత గట్టిగా అన్నారు! వీధి చివరి దాకా వినపడింది." నల్లద్దాలు తీసింది. కళ్ళు ఇంకా కొంచెం ఎర్రగానే ఉన్నాయి. "పదిమందిలో అన్న మాటని చెవిలో వెనక్కి తీసుకుంటారా? డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం వార్డెనమ్మకి చూపిద్దామని అత్త హాస్టల్‌కి వెళ్ళింది. గేటు దగ్గరే ఆపేశారు. మా కాగితం కన్నా మీ మాటే గట్టిదండీ."

నేను తల దించుకుని మెట్లు దిగాను. పది మెట్లే అయినా అవి ఎంతకీ తరగలేదు.

ఆ సాయంత్రం గురువుగారు వెళ్ళాక పరీక్ష గదిలో పాత చార్టు తీసేసి కొత్త కాగితం తగిలించాను. పై వరసలో అరచేతంత అక్షరాలు, కిందికి వస్తున్నకొద్దీ చిన్నవి, అచ్చం పాత చార్టులాగే. చివరి వరస మాత్రం సూది మొన లాంటి పెన్నుతో రాశాను.

గురువారం పొద్దున్న మొదటి కస్టమరు ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. గురువుగారు కర్ర పెట్టి పై వరస చూపించారు.

"తప్పు," అని చదివాడు మాస్టారు.

"కరెక్టుగా చదవండి."

"కరెక్టుగానే చదివానయ్యా! తప్పు అనే ఉంది. రెండో వరస... నాదే. మూడు... అది కళ్ళకలక కాదు. నాలుగు... అలర్జీ, ఎవరికీ అంటుకోదు. అయిదు... అలా అన్నవాడు డాక్టరు కాడు. ఆరు... అర డాక్టరు కూడా కాడు."

గురువుగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను నేల చూశాను.

"ఒరేయ్, ఏంట్రా ఈ నిర్వాకం?"

మొత్తం చెప్పాను. మాస్టారి ముందే చెప్పాను. గురువుగారు కర్ర పక్కన పెట్టి ముందుకి నడిచారు. చార్టు చింపేస్తారనుకున్నాను.

"ఉండనీ," అన్నారు చివరికి. "శనివారం దాకా వచ్చిన ప్రతివాళ్ళూ ఇదే చదువుతారు. నువ్వు పక్కనే నిలబడి వింటావు. ఆ చివరి వరసేంట్రా, చీమలు పాకినట్టు?"

"అది చూపు బాగా ఉన్నవాళ్ళకి గురువుగారూ."

మూడు రోజులు విన్నాను. ముసలాయన చదివాడు, కాలేజీ కుర్రాళ్ళు కోరస్‌గా చదివారు. ఒకావిడ ఎడమ కన్ను మూసుకుని ఒకసారి, కుడి కన్ను మూసుకుని ఒకసారి చదివింది. చదివిన ప్రతివాళ్ళూ "ఎవరు బాబూ అది?" అనేవారు. "నేనేనండీ" అనేవాణ్ణి. ఒక్కసారి కూడా అలవాటు కాలేదు, ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. చివరి వరస మాత్రం ఎవరికీ కనపడలేదు.

శనివారం వార్డెనమ్మ కళ్ళద్దాల కోసం వచ్చింది. కొత్త అద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆరు వరసలూ గుక్క తిప్పుకోకుండా చదివి, ఆగి, అద్దాలు దించి నాకేసి చూసింది.

"అయితే ఆ పిల్లకి ఏమీ లేదా?"

"అలర్జీ ఉందండీ. దూది దుమ్ము పడదు. ముక్కుకీ కంటికీ కలిపి వస్తుంది, పక్కవాళ్ళకి రాదు. మాస్కు కట్టుకుని, మందు వాడితే తగ్గుతుందట. ఇది నా మాట కాదండీ, డాక్టరమ్మ మాట."

"నీ మాటైతే ఎవరు నమ్ముతారులే!" వార్డెనమ్మ లేచింది. నవ్వలేదు. "ఎంతమాటన్నావయ్యా ఆడపిల్లని! నేనూ తక్కువదాన్నా? కాగితం పట్టుకుని గేటు దాకా వచ్చినావిణ్ణి వెనక్కి పంపించాను. నాకూ సిగ్గుగానే ఉంది. పక్కకి వెళ్ళొస్తాను."

గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. మాటలు వినపడలేదు గానీ, కాసేపటికి మేనత్త "ఒసేయ్, కిందికి రావే!" అని కేకేయడం మాత్రం వినపడింది. మెట్ల మీద ధబధబా అడుగులు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది అలర్జీ కాదు.

షాపు మూసే వేళకి ఆ అమ్మాయి వచ్చింది. నల్లద్దాలు బల్ల మీద పెట్టింది.

"ఇవి వెనక్కి తీసుకోండి. నాకు కళ్ళ పరీక్ష చేయాలి."

గురువుగారు నన్నూ ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూసి, "నాకు బయట పనుంది" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆయనకి ఏ పనీ లేదు.

ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుంది. కళ్ళు తేటగా ఉన్నాయి. నేను కర్ర పట్టుకుని చార్టు పక్కన నిలబడ్డాను.  ఒక్కో వరసా నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు చదివింది. "అర డాక్టరు కూడా కాడు" అన్నది మాత్రం రెండుసార్లు చదివింది.

"చివరి వరస," అన్నాను.

కళ్ళు చికిలించింది. "కనపడటం లేదు. మీరు చదవండి."

"నిజంగా కనపడటం లేదా?"

"పేషెంటు మాట వినే అలవాటు మీకు లేదా?"

దెబ్బ సరిగ్గా తగిలింది. చార్టుకేసి తిరిగాను, మొహం చూసి చదివే ధైర్యం లేక. "నాలుగు నెలలుగా... మీ ప్రతి తుమ్ముకీ చిరంజీవ అంటున్నది... నేనే."

 తిరిగి చూస్తే ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంటోంది.

"అది ప్లైవుడ్ గోడండీ. నా తుమ్ము మీకు వినపడుతుంటే, మీ చిరంజీవ నాకు వినపడదా?"

కర్ర చేతిలోంచి జారి కింద పడింది.

"ఆరు టకటకా అనేస్తారు. ఏడోదానికి ఎప్పుడూ లేటే. అయినా పొద్దున్నే ఎవరో ఒకరు నేను బతకాలని అంటున్నారు కదా అని బాగుండేది." కిందపడ్డ కర్రకేసి చూసింది. "ఆ రోజు మీ దగ్గరికెందుకొచ్చాననుకున్నారు? మీ డాక్టరీ ఏపాటిదో వీధంతా తెలుసు. దురదొక వంక. గోడవతల మనిషి మొహం ఒకసారి దగ్గర్నుంచి చూద్దామని వచ్చాను. చూశాను. వేలు చూపించి దూరం జరగమన్నారు."

మూడు రోజులుగా పడిన సిగ్గంతా ఒక ఎత్తు, ఈ ఒక్క నిమిషం ఒక ఎత్తు. భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. చీలలేదు.

"మీకు కోపం ఉండాల్సిందేనండీ," అన్నాను. "అది అంత త్వరగా పోనూ కూడదు. నాకు తగినదే."

లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ముక్కుకి డాక్టరమ్మ మందిచ్చింది కదా, తగ్గుతుందేమో చూద్దాం."

సోమవారం తొమ్మిదింటికి గోడవతల షట్టరు లేచింది. దిండ్ల కుట్లు విప్పుతున్న చప్పుడు. కత్తెర చప్పుడు. తుమ్ము లేదు. మాస్కు కట్టుకుని ఉంటుంది, మందు పనిచేస్తోంది. సంతోషించాలి. సంతోషంగానే ఉంది కానీ, చేతిలో అద్దం పక్కన పెట్టేసి ఊరికే కూర్చుండిపోయాను. ఇక ఆ అమ్మాయి తుమ్మదు. నేను చిరంజీవ అనే పనీ లేదు.

"హాచ్!"

లేచి నిలబడ్డాను.

"హాచ్! హాచ్!"

అది దొంగ తుమ్మని పసిపిల్లలకి కూడా తెలుస్తుంది. నాలుగు, అయిదు, ఆరు. ఆగింది. నేను దేనిమీదా చెయ్యి వేయలేదు. ఊపిరి బిగబట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఈసారి ఆలస్యం చేసేది లేదు.

"హాచ్!"

"చిరంజీవ!" అని వీధి చివరి దాకా వినపడేలా అరిచాను. ఫ్రేములు చూస్తున్న కస్టమరు అదిరిపడ్డాడు.

గోడవతల నుంచి పగలబడి నవ్విన చప్పుడు వచ్చింది. దాని మీదుగా మేనత్త గొంతు వినపడింది.

"ఏం బాబూ, నాలుగు నెలల నుంచి వింటున్నాను నేను కూడా! ఆ గోడకి చెప్పేదేదో ఇటొచ్చి పిల్లకే చెప్పకూడదూ?"

గురువుగారు పేపర్లోంచి తల ఎత్తకుండా అన్నారు, "పోరా డాక్టరూ, పేషెంటు పిలుస్తోంది."

"నేను డాక్టర్ని కాదు గురువుగారూ!" అంటూనే, టార్చి బల్ల మీదే వదిలేసి పక్కషాపుకి పరిగెత్తాను.